తరగని సీసా

ఆసుపత్రి వరండా,
నర్సుల బల్ల పక్కన

అక్కా,

నువ్వు పెద్దనానమ్మవయ్యావు. అప్పుడే సంబరపడిపోకు, మిగతాది కూడా చదువు.

కోడలు బడిలో బోర్డు మీద లెక్క రాస్తూ రాస్తూ సుద్దముక్క వదిలేసి నడుం పట్టుకుందట. కబురొచ్చేసరికి నేను అద్దకం షెడ్డులో తొట్టి దగ్గరున్నాను. చేతుల నీలం కూడా కడుక్కోకుండా పరిగెత్తాను. ఆడపిల్ల. ఇంకా రెండు నెలలు కడుపులో ఉండాల్సింది, తొందరపడి వచ్చేసింది. అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. ముక్కులో గొట్టం, అరికాలికి తీగ. మొత్తం పిల్ల నా గుప్పెట్లో పట్టేట్టుంది. పేరు పెట్టేదాకా నేను గుప్పెడు అనే పిలుస్తాను, ఎవరేమనుకున్నా సరే.

నన్ను లోపలికి రానివ్వలేదు. "చేతులకి ఆ రంగేంటమ్మా?" అంది నర్సు. "ముప్పై ఏళ్ళ రంగు తల్లీ, నీ సబ్బుకి లొంగదు" అన్నాను. గుమ్మం బయట నిలబెట్టేసింది. సొంత మనవరాలిని బట్టలకొట్టులో బొమ్మని చూసినట్టు అద్దంలోంచి చూడాలట.

అసలు కోపం అది కూడా కాదు. పుట్టినప్పటికన్నా బరువు తగ్గిందట! తగ్గడానికి దాని దగ్గర ఏముందని? డాక్టరమ్మని నిలదీశాను. "మొదటి రోజుల్లో ప్రతి బిడ్డా తగ్గుతుందండీ. కడుపులో పట్టిన నీరూ ఉప్పూ కొంత వదిలేస్తుంది. అది మామూలే" అంది, నవ్వుతూ. నవ్వొకటి!

అబ్బాయి సరుకు లారీ మీద ఎక్కడో ఉన్నాడు. ఎల్లుండిగానీ రాడు. నీకు ఫోన్ చేద్దామంటే మనిద్దరం ఫోన్లో పోట్లాడుకోవడమే గానీ మాట్లాడుకున్నదెప్పుడు? అందుకే రాస్తున్నాను. దేవుడికి నీ మాటంటే గురి. గట్టిగా చెప్పు.

చెల్లి


బైండింగ్ గది,
ఉదయం

మిరపకాయా,

చెప్పాను. పిల్లకి పేరు లేదు కాబట్టి గుప్పెడు అనే చెప్పాను. ఆయనకి అర్థమవుతుంది.

నర్సు మీద కోప్పడకు. కొత్తగా కుట్టిన పుస్తకం దగ్గరికి నేను కూడా ఎవరినీ రానివ్వను. నువ్వు గుమ్మం బయట ఉండు. కోడలు తిన్నదో లేదో చూడు.

అక్క


ఆసుపత్రి వరండా,
అదే బల్ల

అక్కా,

నీ ఉత్తరం పోస్టుకార్డు మీద రాసినా సగం ఖాళీ మిగిలేది. పోనీలే, నువ్వంతే.

ఇక్కడ జరుగుతున్న ఘోరం విను. గుప్పెడు తగ్గిన బరువు మళ్ళీ తెచ్చుకుంది. గొట్టం తీసేశారు. నన్ను చేతులు మోచేతుల దాకా తోముకోమని లోపలికి రానిచ్చారు కూడా. అంతా బాగుందనుకునేసరికి బరువు అక్కడే ఆగిపోయింది. రోజూ తూస్తారు, రోజూ అదే అంకె. రక్తం తీశారు. ఆ వేలెడు కాలిలోంచి రక్తం తీస్తుంటే నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

ఉప్పు తక్కువైందట. మూత్రంలో పోతోందట. నెలలు నిండని పిల్లల మూత్రపిండాలు ఇంకా తయారవుతూనే ఉంటాయట. ఒంటికి కావలసిన ఉప్పుని పట్టి ఆపడం చేతకాక వదిలేస్తాయట. "ఒళ్ళు ఆపమని కబురు పంపుతూనే ఉంటుందండీ. మూత్రపిండానికి ఆ కబురు వినడం ఇంకా రాలేదు. కొన్ని వారాల్లో నేర్చుకుంటుంది" అంది డాక్టరమ్మ.

"అందాకా?" అన్నాను.

"అందాకా మనం ఇవ్వాలి. పాలలో ఉప్పునీటి చుక్కలు."

అక్కా, పాలలో ఉప్పు! నెలన్నా నిండని పిల్లకి!

నా చేతులు నువ్వు చూశావు. రంగు బట్టకి పట్టాలని తొట్లో ఉప్పు బస్తాలు గుమ్మరిస్తాం. ఆ నీళ్ళలో ముప్పై ఏళ్ళు ముంచిన చేతులివి. వేళ్ళ సందులు పగిలి, సాయంత్రానికి అన్నం కలుపుకుంటే భగ్గుమంటాయి. మందమైన తోలుబూట్లనే తినేసింది ఆ ఉప్పు. దాన్ని ఈ గులాబీరేకులాంటి నోట్లో పోయాలా? అదే అడిగాను. "మీ తొట్టి ఉప్పుకీ దీనికీ పోలికేంటమ్మా" అని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది ఆ మహాతల్లి. ఉప్పు ఉప్పు కాకపోతే పంచదారా?

నన్నడిగితే ఇదంతా ఏమీ కాదు. కోడలి పాలలో పస లేదు. పిండి సీసాలో పడుతుంటే చూశాను. నీళ్ళలా ఉన్నాయి. పాలు నీళ్ళైతే పిల్ల ఎలా పెరుగుతుంది? ఆ మాట ఎవరూ అనరు, మొహమాటం. ఉప్పు మీదకి తోసేస్తున్నారు.

చెల్లి


బైండింగ్ గది,
మధ్యాహ్నం

మిరపకాయా,

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైంది. నీకూ అర్థమైంది. నచ్చలేదు, అంతే.

పుస్తకం వీపుకి జిగురు పూశాక బరువు కింద పెట్టి వదిలేయాలి. పైకి ఆరినట్టే ఉంటుంది. లోపల ఆరదు. తెరిచి చూద్దామని సరదాపడితే పుటలు ఊడి చేతికొస్తాయి. అందాకా దానికి బయటి ఆసరా కావాలి. పిల్ల కూడా అంతే. చుక్కలు వేయమన్నారు, వేయండి.

కోడలి పాల గురించి రాసిన మాట ఇంకెప్పుడూ రాయకు. పలకకు. ఎందుకో అవసరమైతే చెబుతాను.

ప్రార్థనలో కోడలిని కూడా చేర్చాను.

అక్క


ఇంటి నుంచి,
వంటగది కిటికీ పక్కన

అక్కా,

గుప్పెడు ఇంటికొచ్చింది! బరువు మళ్ళీ ఎక్కింది. ఇంకా గుప్పెడే, కాకపోతే నా గుప్పెడు కాదు, అబ్బాయి గుప్పెడు. వాడు లారీ స్టీరింగ్ పట్టుకునే చేతులతో పిల్లని ఎత్తుకోవడానికి భయపడి, తువ్వాలు మీద పెట్టి తువ్వాలుని ఎత్తుకుంటున్నాడు. "పళ్ళెంలో టీ తెస్తున్నావా నాయనా?" అన్నాను.

షెడ్డుకి సెలవు పెట్టాను. మేస్త్రీ గొణిగాడు. "నేను లేకపోతే నీ నీలం నీలంలా వస్తుందా చూస్తాను" అని వచ్చేశాను.

కోడలికి ఇంకా ఒళ్ళు స్వాధీనంలోకి రాలేదు. పాలు పిండి ఇస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. గుప్పెడుకి నోటి బలం చాలదు కదా, చెంచాతో పట్టాలి. పట్టేది నేనే. ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఉప్పు సీసా, సూది లేని సిరంజి కూడా నా దగ్గరే పెట్టుకున్నాను. "ఆ పని నాకొదిలేయ్, నువ్వు కునుకు తియ్యి" అన్నాను కోడలితో. పిచ్చిపిల్ల, చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నువ్వేమో నేను దాన్ని సాధిస్తున్నానని అనుకుంటావు. నేనంత గయ్యాళినా?

పాల మాట అనొద్దన్నావు కదా, అనలేదు. మనసులో అనుకుంటే నువ్వు పట్టుకోలేవుగా.

అబ్బాయి నిన్న ఆసుపత్రి వైపు వెళ్ళి రెండో సీసా కూడా తెచ్చాడు. "ఎందుకురా, మొదటిదే ఇంకా మెడదాకా ఉంది" అన్నాను. అలమారలో పెట్టేశాను.

నువ్వొకసారి రాకూడదూ? నీ పుస్తకాలెక్కడికీ పోవు.

చెల్లి


బైండింగ్ గది

చెల్లీ,

సీసా ఎందుకు తరగలేదు?

అక్క


ఇంటి నుంచి

అక్కా,

నువ్వు పుస్తకాలు కుట్టడం మానేసి పోలీసు ఉద్యోగంలో చేరు. ఒక్క ముక్క రాశావు, దానికొక కవరు, దానికొక స్టాంపు!

సీసా పెద్దది. చుక్కలు చిన్నవి. ఇంకేం చెప్పమంటావు? నేను పిల్లల్ని పెంచని దాన్నా? నా కొడుకు ఏ సీసాలు తాగి లారీ నడుపుతున్నాడు?

ఇక్కడ వానలు మొదలయ్యాయి. బట్టలు ఆరడం లేదు. షెడ్డులో నా బదులు పెట్టినావిడ ఆకుపచ్చని బురదరంగు చేసిందట. మేస్త్రీ మనిషిని పంపాడు. రానన్నాను.

గుప్పెడు గురించి చెప్పనా? అంత బుద్ధిమంతురాలిని నేనెక్కడా చూడలేదు. ఏడవదు. అసలు ఏడవదక్కా! పక్కింటావిడ మనవడు లోకం దద్దరిల్లేలా అరుస్తుంటే మాది నిద్రపోతూనే ఉంటుంది. పాలకి లేపాలి. రెండు చెంచాలు తాగి మళ్ళీ నిద్ర. చూడటానికొచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నాను, మా పిల్ల ఎంత నెమ్మదో అని. నీ పోలికేమో. కాస్త పొట్ట ఉబ్బినట్టుంటే కాచి చల్లార్చిన నీళ్ళు చెంచాడు పడుతున్నాను. నీళ్ళకన్నా శుభ్రమైనదేముంది?

కోడలు మాత్రం దిగులుగా ఉంది. "ఎందుకత్తయ్యా ఇంతసేపు పడుకుంటోంది" అని పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. చదువుకున్నవాళ్ళకి అనుమానాలెక్కువ.

చెల్లి


బైండింగ్ గది,
ఉత్తరం అందగానే

చెల్లీ,

ఏడవని పిల్లని మెచ్చుకోకు.

ఇప్పుడే నీకు ఫోన్ చేశాను. "అంతా బాగుందక్కా, వాన శబ్దానికి వినపడటం లేదు" అని పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అబ్బాయి ఫోను కలవలేదు. కోడలి నంబరు నా దగ్గర లేదు. నీ పక్కింటి కుర్రాడు పనిమీద ఇటొచ్చాడని తెలిసి ఈ కాగితం అతని చేతికిస్తున్నాను.

పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళు. గొడుగు పట్టుకుని ఇప్పుడే వెళ్ళు. నీళ్ళు పట్టకు. సీసాలోని చుక్కలు వేశావో లేదో డాక్టరమ్మకి ఉన్నది ఉన్నట్టు చెప్పు.

నేను మోకాళ్ళ మీద ఉన్నాను.

అక్క


ఆసుపత్రి వరండా

అక్కా,

నీ కాగితం అందేసరికే మేమిక్కడున్నాం.

పొద్దున పాలు పడుతున్నాను. గుప్పెడు చెయ్యి ఒక్కటే కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆడుకుంటోందనుకున్నాను. కళ్ళు పైకి తిప్పింది. పెదాలు నీలం. నా చేతుల రంగు అంటిందేమోనని తుడిచానక్కా, నా కొంగుతో తుడిచాను. పోలేదు. కోడలు నా చేతుల్లోంచి లాక్కుని చెప్పులైనా లేకుండా వానలో పరిగెత్తింది.

రక్తంలో ఉప్పు బాగా పడిపోయిందట. అందుకే ఫిట్స్. మళ్ళీ అద్దాల పెట్టె, మళ్ళీ తీగలు. సెలైన్ ఎక్కిస్తున్నారు, అదీ చుక్కా చుక్కా లెక్కపెట్టి. తక్కువైనదాన్ని ఒక్కసారి ఎక్కించేయొచ్చుగా అంటే, "ఒక్కసారి పెంచితే మెదడు దెబ్బతింటుంది, నెమ్మదిగానే పెంచాలి" అన్నారు. బతుకుతుందా అంటే "చూద్దాం" అన్నారు. డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు.

"చుక్కలు సరిగ్గా వేస్తున్నారా?" అని అడిగింది. "వేస్తున్నామండీ" అంది కోడలు. "వేస్తే ఇంతగా పడిపోదే" అని కోడలి మొహంలోకి చూసింది.

ఎవరు చూసుకున్నా పాలలో పస ఉంటేనే కదా. నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను. తల్లి పాలే నీళ్ళైతే ఎన్ని చుక్కలు వేసి ఏం లాభం?

నాకేం తోచడం లేదు. నువ్వు ప్రార్థన చెయ్యి.

చెల్లి


బైండింగ్ గది

చెల్లీ,

నేనింత పొడుగు ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. కూర్చుని చదువు.

నిన్న అబ్బాయి ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, దాన్ని పుట్టింటికి పంపించేశాను" అన్నాడు. ఎందుకురా అన్నాను. "చుక్కలు వేయడం మర్చిపోయింది, పైగా వేశానని డాక్టరుతో అబద్ధమాడింది. అమ్మ పాపం రాత్రనక పగలనక చాకిరీ చేస్తుంటే తను నిద్రపోయింది. పిల్లకి బాగయ్యేదాకా కనిపించొద్దన్నాను" అన్నాడు. నువ్వు అక్కడే ఉన్నావా అని అడిగాను. ఉన్నావట. ఏమన్నావని అడిగాను. ఏమీ అనలేదట. కొంగు నోట్లో పెట్టుకుని కూర్చున్నావట. దాన్ని వాడు దుఃఖం అనుకుంటున్నాడు.

నీ ఉత్తరంలో ఇదేదీ లేదు. నర్సు మాటలు రాశావు, మేస్త్రీ మాటలు రాశావు. కోడలు ఆటో ఎక్కుతుంటే ఏమందో రాయలేదు.

సీసా తరగలేదు. చుక్కలు వేసింది నువ్వు. వేయనిదీ నువ్వే. సిరంజి నీ దగ్గరే పెట్టుకున్నానని నువ్వే రాశావు. నీ చేతుల్ని కాల్చిన ఉప్పు పిల్ల నోటిని కాలుస్తుందని భయపడ్డావు. ఆ భయం నాకు అర్థమవుతుంది. దానికి నేను కోప్పడను. పైగా నీళ్ళు పట్టావు. ఉన్న కాస్త ఉప్పునీ అవి ఇంకా పలచన చేశాయి. తెలియక చేశావు. దానికీ కోప్పడను.

కానీ తెలిశాక నోరు మూసుకున్నావు చూడు, దానికి నా ఒళ్ళు మండిపోతోంది. ప్రార్థనకి కూర్చుంటే మాట రావడం లేదు. ఈ వయసులో నాకు ఇంత కోపం ఉందని నాకే తెలియదు.

పాల మాట ఎందుకు రాయొద్దన్నానో ఇప్పుడు చెబుతాను.

నీ తరవాత అమ్మకి ఒక మగపిల్లాడు పుట్టాడు. నీకు గుర్తుండదు, నువ్వప్పటికి గోడ పట్టుకుని నడుస్తున్నావు. వాడూ నెలలు నిండకుండానే వచ్చాడు. ఇంట్లోనే పుట్టాడు. మొదట బాగానే ఉన్నాడు. తరవాత పెరగడం ఆగిపోయింది. ఏడ్చేవాడు కాదు. ఎంత బుద్ధిమంతుడో అని ఇల్లంతా మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. ఒకరోజు నా ఒళ్ళో ఉండగానే వాడి చెయ్యి కొట్టుకుంది, నువ్వు రాసినట్టే. డాక్టరు వచ్చేసరికి అయిపోయింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళ ముందు నానమ్మ అన్న మాట ఇది: "దీని పాలు నీళ్ళు. పిల్లాడెలా బతుకుతాడు?" ఆ మాట ఇంటింటికీ వెళ్ళింది. నాన్న కూడా కాదనలేదు. ఆయన నేల చూశాడు.

వాడికి ఉప్పే తక్కువైందో, ఇంకేదైనానో నాకు తెలియదు. ఎవరూ పరీక్ష చేయలేదు. పరీక్ష లేకుండా తీర్పు మాత్రం చెప్పేశారు.

అమ్మ తరవాత ఎవరికి ఏది వడ్డించినా, పప్పైనా మజ్జిగైనా, పక్కన నిలబడి ఒక మాట అడిగేది, గుర్తుందా? "పలచగా ఉందా?" నువ్వు అమ్మని వెక్కిరించేదానివి. "మంచినీళ్ళు పోసినా అడుగుతావేంటే, పలచగా ఉందా అని!" అనేదానివి. అందరం నవ్వేవాళ్ళం. అమ్మ కూడా నవ్వేది. పోయే ముందు ఒకసారి నాకు జ్వరమొస్తే మందు నీళ్ళలో కలిపి ఇవ్వబోయి, అప్పుడు కూడా అడిగింది.

ఆ పాలు తాగే నువ్వు ఇంత నోరు పెంచావు.

ఇప్పుడు ఆ మాటే నీ చేతి రాతలో నా బల్ల మీద ఉంది. ఒకసారి కాదు, రెండుసార్లు రాశావు. రెండోసారి రాసేటప్పటికి సీసా సంగతి నీకు తెలుసు.

నేనిప్పుడే అబ్బాయికి చెప్పేయగలను. ఒక్క ఫోను. చెప్పను. నేను చెబితే నువ్వు దొరికిపోయినట్టవుతుంది. నువ్వు చెబితే కోడలు బయటపడినట్టవుతుంది. ఈ ఉత్తరం మడిచి, లేచి, ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. పిల్లకి చుక్కలు వేసినా ఇలా అయిందనుకుంటే వాళ్ళు వైద్యం మరోలా చేస్తారు. లేని జబ్బు వెతుకుతారు. ఆ గుప్పెడు ఒంట్లోంచి ఇంకా రక్తం తీస్తారు. తరవాత అబ్బాయి దగ్గరికి. తరవాత ఆటో ఎక్కి కోడలి ఇంటికి. అక్కడ గుమ్మంలో నిలబడి, వాళ్ళమ్మా నాన్నా వినేలా చెప్పు.

ప్రార్థన చేయమన్నావు. ఇది అయ్యాక అడుగు.

అక్క


ఆసుపత్రి వరండా

అక్కా,

చెప్పాను.

ముందు డాక్టరమ్మకి. తిడుతుందనుకున్నాను. కాగితం తీసుకుని చకచకా ఏదో కొట్టేసింది, నర్సుని పిలిచి "ఆ పరీక్షలు ఆపండి, వెన్నులోంచి నీరు తీయక్కర్లేదు" అంది. నువ్వు రాసినట్టే, లేని జబ్బు వెతుకుతున్నారు. వెన్నులో సూది గుచ్చడానికి అప్పటికే బల్ల సర్దుతున్నారు. నేను ఇంకో గంట ఆగి ఉంటే!

"రెండు చుక్కలు ఎక్కువ వేసి సరిచేయనా?" అని అడిగాను. ఎంత వెర్రిదాన్నో చూడు. "అమ్మా, ఈ వయసులో ఎక్కువైనా బయటికి పంపడం దానికి రాదు. తక్కువైతే పట్టుకోలేదు, ఎక్కువైతే వదిలించుకోలేదు. అందుకే కొలిచి ఇచ్చాం" అంది. అప్పుడు తిట్టింది. తిట్టాక కాస్త ఊపిరి ఆడింది.

అబ్బాయి మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. చెప్పాను. గ్లాసు పక్కన పెట్టాడు. "అది వేశామనే చెప్పిందమ్మా. నేను నమ్మలేదు. నిన్ను నమ్మాను" అన్నాడు. అంతకన్నా నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

ఇద్దరం కలిసే వెళ్ళాం. గుమ్మంలోనే నిలబడ్డాను, లోపలికి రమ్మన్నా వెళ్ళలేదు. వియ్యపురాలు వింటూ వింటూ చేతిలోని చీపురు గోడకి ఆనించింది. దాంతో కొడుతుందేమో అనుకున్నాను. కొట్టనన్నట్టు పక్కన పెట్టింది. కోడలు ఏడవలేదు, అరవలేదు. "నేనే మర్చిపోయానేమో అని నాకే అనుమానం వచ్చేసింది అత్తయ్యా. నిద్రలో వేయడం మర్చిపోయానా, అసలు నన్నే వేయమన్నారేమో అని. నాలుగు రోజుల్నుంచీ పిచ్చెక్కిపోతోంది నాకు" అంది.

తరవాత చెయ్యి చాపింది. "సిరంజి" అంది. సంచిలోంచి తీసి ఇచ్చాను. సీసా కూడా ఇచ్చాను. "ఇకమీదట ఇవి నా దగ్గరే ఉంటాయి" అంది. ఉండనీ.

తిరిగొచ్చేటప్పుడు అబ్బాయి ఆటో వెనక సీట్లో కూర్చోలేదు, డ్రైవరు పక్కన కూర్చున్నాడు. కోడలు వాడితో ఇంకా మాట్లాడటం లేదు. మాట్లాడమని నేను అడగలేదు. ఏ మొహంతో అడుగుతాను?

ఈ పొద్దున గుప్పెడు ఏడ్చింది. సన్నగా, పిల్లికూనలా. వార్డంతా వినపడినట్టే ఉంది నాకు.

చెల్లి


బైండింగ్ గది

మిరపకాయా,

ఏడ్చినందుకు కృతజ్ఞతలు చెప్పుకున్నాను. నీకు కూడా మళ్ళీ ప్రార్థనలో చోటు దొరికింది. చివర్లో.

చెప్పాల్సిన వాళ్ళకి చెప్పావు. ఒకరు మిగిలారు. నానమ్మ లేదు, నాన్న లేడు, ఆ రోజు వచ్చి విన్నవాళ్ళెవరూ లేరు. ఆ మాట తప్పని చెప్పడానికి ఇప్పుడు నువ్వూ నేనే మిగిలాం. నేను చిన్నపిల్లగా చెప్పాను, చెంపదెబ్బ తిన్నాను. ఇప్పుడు నీ వంతు.

తొందర లేదు. ఏం చెప్పాలో తెలిసినప్పుడు రాయి.

అక్క


అద్దకం షెడ్డు,
భోజనాల బెంచీ

అక్కా,

ఇన్ని వారాలు రాయలేదని నువ్వు ఒక్క ముక్కైనా అనలేదు. అన్నట్టే అనిపించింది.

గుప్పెడు ఇప్పుడు గుప్పెడు కాదు. రెండు చేతులూ కావాలి. కడుపులో ఉండాల్సిన రోజులు బయటే ఉండి పూర్తిచేసింది. నిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తం చూశారు, మూత్రం చూశారు. ఉప్పు పోవడం తగ్గిందట, ఒళ్ళు పంపే కబురు మూత్రపిండం వినడం నేర్చుకుందట. "ఇక చుక్కలు ఆపేయొచ్చు. అమ్మ పాలు చాలు" అంది డాక్టరమ్మ. మెదడుకి దెబ్బేమీ తగిలినట్టు లేదు, అయినా ఏడాది దాకా చూపిస్తూ ఉండమంది.

అమ్మ పాలు చాలు అన్నప్పుడు డాక్టరమ్మ నా వైపు చూసి అంది. నేను తల దించుకోలేదు. "వినపడిందండీ" అన్నాను. కోడలు నవ్వు ఆపుకుంటూ కిటికీ వైపు తిరిగింది. ఇన్ని వారాల తరవాత అది నా మాటకి నవ్వడం అదే. అబ్బాయితో మాట్లాడుతోంది కూడా, అయితే ప్రతి మాటకీ ముందు వాణ్ణి కాసేపు నిలబెడుతోంది. నిలబడనీ.

షెడ్డులో కొత్తగా చేరిన పిల్ల ఒకర్తె ఉంది, కూతురు పుట్టి ఆరునెలలు. తొట్టి దగ్గర ఎవరో అన్నారు, "నీ పిల్ల పుల్లలా ఉందేంటే, నీ పాలు పలచనేమో" అని. అనేవాళ్ళకి అదొక సరదా మాట. చేతిలో ఉన్న కలిపే కర్ర తొట్లో వదిలేశాను. "ఆ మాట ఇంకోసారి ఈ షెడ్డులో వినపడిందా, నీలంలో ముంచుతాను" అని అరిచాను. మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. నీలం మచ్చలు పడిందట. పడనీ.

అరిచాక చేతులు కడుక్కుంటుంటే అమ్మ గుర్తొచ్చింది. చెయ్యి తుడుచుకుంటూ పక్కన నిలబడి, నేను ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆగి, "పలచగా ఉందా?" అని అడిగేది. నేను నవ్వేదాన్ని. నా జవాబు కోసం నిలబడేదక్కా అమ్మ. అన్నేళ్ళూ నిలబడింది. నేను ఒక్కసారి కూడా లేదు అనలేదు.

నువ్వు అడిగింది రాస్తున్నాను.

లేదమ్మా. పలచగా లేదు. నీ పాలు నీళ్ళు కావు. నీ తప్పు ఏమీ లేదు.

చెల్లి


బైండింగ్ గది,
ఉదయం

మిరపకాయా,

నీ ఉత్తరం అమ్మ ఫొటో దగ్గర పెడదామని తీసుకెళ్ళాను. అమ్మకి చదవడం రాదుగా.

తలుపు వేసి, పైకి చదివాను. చివరి ముక్క రెండుసార్లు.

అక్క